నాలుకా, గ్లాసూ: వైన్ రుచి సిద్ధాంతం మీద ఒక దళిత పరిశీలన

తెలుగులో ‘వైన్’ అనే మాట మూడు చోట్ల మూడు రకాలుగా బతుకుతోంది. మండల కేంద్రంలో బస్సు దిగగానే కనిపించే ‘వైన్స్’ బోర్డు మొదటిది. ఆ షాపులో అమ్మేది బ్రాందీ, విస్కీ, బీరు. నిజంగా వైనే కావాలని అడిగితే కౌంటర్లో కుర్రాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు. రెండోది చర్చిలో వినపడే ‘ద్రాక్షారసం’. మాల, మాదిగ పల్లెల్లో పుట్టి బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్లకు వైన్ అంటే ముందు తెలిసింది ఇదే. కానా ఊరి పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసం అయిన కథ మాకు అక్షరాలు రాకముందే తెలుసు. మూడోది పెద్ద హోటళ్లలో, బంజారాహిల్స్ డ్రాయింగు రూముల్లో సన్నకాడ గ్లాసులో పోసి, తిప్పి, వాసన చూసి, అప్పుడు పెదవికి తాకించేది.

మొదటి చోట తాగినోడు తాగుబోతు. రెండో చోట విశ్వాసి. మూడో చోట రసజ్ఞుడు. ఈ ‘రసజ్ఞుడు’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. మన సాహిత్య విమర్శలో రసం, ఔచిత్యం, అభిరుచి అనే మాటలు ఎవరిని లోపలికి రానిచ్చాయో, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టాయో దళిత కవులకు వేరే చెప్పక్కర్లేదు. కవిత్వంలో ‘అభిరుచి లేదు’ అన్నవాడూ, తాగుడులో ‘టేస్టు లేదు’ అన్నవాడూ చాలాసార్లు ఒకే ఇంటి మనిషి. రుచి గురించి మాట్లాడ్డం అంటే వస్తువు గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తూ మనిషి మీద తీర్పు చెప్పడం. ఈ సంగతిని సిద్ధాంతంగా నిలబెట్టినవాడు ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్దియూ. మన విశ్వవిద్యాలయాల్లో ఆయన పేరు చెప్పకుండా సంస్కృతి మీద సెమినారు నడవదు గనక, ఆయన పుస్తకం మనకు ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ వదిలేస్తుందో తేల్చుకోవడం అవసరం.

‘డిస్టింక్షన్’ 1979లో ఫ్రెంచిలోనూ, 1984లో రిచర్డ్ నైస్ అనువాదంగా ఇంగ్లీషులోనూ వచ్చింది. 1963లో, మళ్లీ 1967-68లో మొత్తం 1,217 మందిని ప్రశ్నలడిగి చేసిన సర్వే దానికి పునాది. ఏ సంగీతం వింటారు, ఏ బొమ్మ అందంగా ఉందంటారు, ఇంటికొచ్చినవాళ్లకు ఏం వడ్డిస్తారు - ఇలాంటి మామూలు ప్రశ్నలే. జవాబుల్ని ఆయన ఒక పటం మీద పరిచాడు. డబ్బూ చదువూ ఉన్నవాళ్లు పైన, లేనివాళ్లు కింద. పై భాగంలో షాంపేన్, విస్కీ కనిపిస్తాయి. అడుగున బంగాళాదుంపల పక్కన మామూలు ఎర్ర వైన్. మన పాఠకుడికి ఇక్కడే చిన్న ఆశ్చర్యం కలుగుతుంది. మనం దొరల పానీయం అనుకునే వైన్ అక్కడ కూలివాడి బల్ల మీద రోజువారీ సరుకు. అంటే పానీయంలో పుట్టుకతో వచ్చిన పెద్దరికం ఏమీ లేదు. అదే ద్రాక్ష, అదే పులియబెట్టడం. కార్మికుడు భోజనంతోపాటు తాగితే ‘మామూలు ఎర్రది’. ఊరి పేరు, సంవత్సరం, తోట పేరు చెప్పగలిగినవాడు తాగితే సంస్కృతి. ఈ చెప్పగలగడం బడిలో నేర్పరు. ఇంట్లో, చిన్నప్పటి నుంచి భోజనాల బల్ల దగ్గర దానంతటదే ఒంటబడుతుంది. ఒంటబట్టినదాన్ని వారసత్వం అనరు, ‘సహజంగా వచ్చిన టేస్టు’ అంటారు. బోర్దియూ దాన్నే సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. బేర్న్ ప్రాంతపు పల్లెలో పోస్టాఫీసు ఉద్యోగి కొడుకు ఆయన. పారిస్ మేధావుల మధ్య ఏం మాట్లాడితే ఎవరు నవ్వుతారో ఒంటి మీద అనుభవించినవాడు. ఆ పుస్తకంలోని కసి అక్కడి నుంచి వచ్చిందని నా నమ్మకం. మన తరంలో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లకు అది చదువుతుంటే ఎవరో మన మెస్సులో కూర్చుని రాసినట్టుంటుంది.

బోర్దో ప్రాంతపు వైన్లకు ఉన్న శ్రేణి చూస్తే మన వాళ్లకు నవ్వొస్తుంది. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం అక్కడి దళారులు ఎర్ర వైన్ల తోటల్ని అయిదు తరగతులుగా విడగొట్టారు. కొలమానం అప్పటిదాకా పలికిన ధర. అంటే అమ్ముడుపోయిన ధరే గుణం అయింది, ఆ గుణమే తర్వాత ధరను నిలబెట్టింది. నూట డెబ్బై ఏళ్లు కావస్తున్నా తరగతి మారిన తోట చెప్పుకోదగ్గది ఒక్కటే. 1973లో మూటాన్ రోత్‌షీల్డ్ రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కింది. దానికి కూడా కోటీశ్వరుడైన యజమాని దశాబ్దాల తరబడి కొట్లాడాల్సొచ్చింది. వర్ణాశ్రమం మనకొక్కళ్లకే ఉందని ఎవరన్నారు!

ఈ శ్రేణిని నాలుక గుర్తుపడుతుందా అంటే, అదీ అనుమానమే. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో, బోర్దోలోనే వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. 2008లో అమెరికాలో ఒకే వైన్‌ను 10 డాలర్లదని ఒకసారి, 90 డాలర్లదని ఇంకోసారి చెప్పి తాగించారు. ధర ఎక్కువ చెప్పినప్పుడు ఎక్కువ బాగుందన్నారు, మెదడు స్కానింగులో సంతోషం కూడా ఎక్కువే కనిపించింది. అంటే వాళ్లు అబద్ధం చెప్పలేదు. నిజంగానే బాగనిపించింది. హోదా గొంతులోకి దిగి రుచి అవుతుంది. బోర్దియూ చెప్పిందానికి ఇంతకన్నా మంచి రుజువు ఉండదు.

ఇంతవరకు పేచీ లేదు. అయితే ఈ సిద్ధాంతంలో మనుషులంతా బల్ల దగ్గర కూర్చునే ఉంటారు. కొందరు పై బల్ల, కొందరు కింది బల్ల, అంతే తేడా. ద్రాక్ష కోసినోడు ఎక్కడ? బల్ల దగ్గరికి అసలు రానియ్యని మనిషి ఎక్కడ? ఈ రెండు ప్రశ్నలకూ ‘డిస్టింక్షన్’లో చోటు తక్కువ.

మొదటి ప్రశ్న బోర్దియూకన్నా ముందే రోలాఁ బార్త్ అడిగాడు. ‘మైథాలజీస్’ 1957 నాటి పుస్తకం. అందులో వైన్, పాల మీద ఒక చిన్న వ్యాసం ఉంది. ఫ్రెంచివాళ్లకు వైన్ కులదేవత లాంటిదని, తాగనివాణ్ని జాతిలో లెక్కెయ్యరని సరదాగా చెప్పుకుంటూ పోయి, చివర్లో గొంతు మారుస్తాడు. ఈ వైన్ అమాయకమైనది కాదంటాడు. అల్జీరియాలో ముస్లిం రైతుల భూమి గుంజుకుని వలస దొరలు ద్రాక్ష వేశారని, తిండి గింజలు లేని మనుషుల నేల మీద వాళ్ల మతం నిషేధించిన పంట పండించారని గుర్తుచేస్తాడు. చరిత్ర కూడా అదే చెప్తుంది. 1860ల నుంచి ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు తోటల్ని తినేసింది. అప్పుడు అల్జీరియాలో ద్రాక్ష సాగు పెరిగింది. ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఆ వలసదేశం ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ వైన్ ఎగుమతి చేసేది. పల్చటి ఫ్రెంచి వైన్‌కు రంగూ బలం రావడానికి దాన్ని కలిపేవాళ్లు. బోర్దియూ పటంలో అడుగున ఉన్న ఆ ‘మామూలు ఎర్రది’ తయారవడంలో అల్జీరియా కూలీ చెమట ఎంతుందో పటం చెప్పదు. బోర్దియూకి అల్జీరియా తెలియదా అంటే, బాగా తెలుసు. 1955లో సైనికుడిగా వెళ్లి, 1960 దాకా అక్కడే ఉండి, కబైల్ రైతుల మీద గొప్ప పరిశోధన చేశాడు. ఒకే మనిషి రాసిన రెండు పుస్తకాల మధ్య మధ్యధరా సముద్రం ఉండిపోయింది.

దక్షిణాఫ్రికా సంగతి ఇంకా ఘోరం. కేప్ ప్రాంతపు ద్రాక్షతోటల్లో ‘డాప్’ పద్ధతి ఉండేది. బానిసత్వం నాటి నుంచి కూలీలకు జీతంలో భాగంగా రోజుకు ఇన్నిసార్లని వైన్ పోసేవాళ్లు. బానిసల, ఖోయ్ జనం వారసులైన ‘కలర్డ్’ కూలీలు వాళ్లు. వాళ్లకు పోసేది అమ్ముడుపోని నాసి సరుకు. ఆ తోటలోంచే మంచి సరుకు లండన్‌కు పోయేది. 1834లో బానిసత్వం పోయినా, తర్వాత నిషేధ చట్టాలొచ్చినా, 1990ల దాకా కొన్ని తోటల్లో అది నడిచింది. తల్లి కడుపులోనే మద్యం వల్ల దెబ్బతిని పుట్టే పిల్లలు ప్రపంచంలో అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో అదొకటి. ఈ కూలీని అడిగి చూడండి, నీకు ఏ వైన్ ఇష్టం అని! అతడికి వైన్ ‘ప్రిఫరెన్సు’ కాదు, కూలి. ఇష్టాయిష్టాల సిద్ధాంతం మొదలవ్వాలంటే ముందు వద్దనే హక్కు ఉండాలి గదా. మన పల్లెల్లో కోతలప్పుడు కూలి గింజల్లో కోసి సాయంత్రం సారా పోయించిన ఆసాముల కథలు మా పెద్దోళ్లు ఎన్ని చెప్పలేదు! తాగించినోడికి పేరు లేదు. తాగినోడికి మాత్రం ‘వాళ్లంతే, తాగుబోతు జాతి’ అనే పేరు శాశ్వతం.

అదే దేశంలో ఇంకో వింత కూడా ఉండేది. నల్లవాళ్లు ‘యూరోపియన్ లిక్కర్’ కొనడం 1962 దాకా నేరం. వాళ్లకు మునిసిపాలిటీ బీరుహాళ్లలో జొన్న బీరు, దాని లాభం మళ్లీ మునిసిపాలిటీకే. ‘యూరోపియన్ లిక్కర్’ అన్న మాట మనకు ఎక్కడో విన్నట్టుంది కదూ?

మన ఎక్సైజు చట్టాల్లో ‘కంట్రీ లిక్కర్’, ‘ఫారిన్ లిక్కర్’ అనే విభజన తెల్లవాడు పెట్టింది. వాడు పోయాక రెండోది ‘ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్’ అయింది. ఇక్కడే తయారైన విదేశీ! ఈ మాటలోని వ్యంగ్యం రాసినవాడికే తెలియదు. మన దేశంలో చవక విస్కీ, బ్రాందీల్లో ఎక్కువ భాగానికి మూలం చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటు. ప్రభుత్వ సారా కూడా మొలాసిస్ స్పిరిటే, నీళ్లు కలిపి పలచన చేసింది. తల్లి ఒక్కటే. ఒక బిడ్డకు రంగూ, వాసనా, సీసా, ఇంగ్లీషు పేరూ పెట్టి ‘వైన్స్’లో కూర్చోబెట్టారు. ఇంకో బిడ్డను ప్లాస్టిక్ ప్యాకెట్లో పోసి పల్లెకు తోలారు. 1980ల్లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో చేసింది ఇదే. సంస్కృతంలో అంత అందమైన పేరు పెట్టి మాలపల్లెకు పంపిన సరుకు మరోటి లేదు.

తర్వాత కథ తెలిసిందే అనుకుంటాం గానీ, దాన్ని రుచి, తరగతి కోణంలోంచి మళ్లీ చదవాలి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం, చదువు పుస్తకంలో సీతమ్మ కథ, దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా అంగడి మూయించడం, 1992లో వేలంపాటలు ఆగిపోవడం - దళిత, బహుజన కూలి ఆడవాళ్లు నడిపిన ఉద్యమం ఇది. వాళ్లు అడిగింది నైతికత కాదు. మొగుడి కూలి డబ్బులు ఇంటికి రావాలని, ఒంటి మీద దెబ్బలు ఆగాలని అడిగారు. 1993లో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారా నిషేధించింది. 1995 జనవరిలో రామారావు సంపూర్ణ మద్యనిషేధం పెట్టాడు. 1997లో చంద్రబాబునాయుడు దాన్ని ఎత్తేశాడు. ఎత్తేసింది దేన్ని? ‘ఫారిన్ లిక్కర్’ మీది నిషేధాన్ని. సారా మీద నిషేధం అట్లాగే ఉండిపోయింది.

అప్పటి పత్రికల్లో సారాను ‘సామాజిక రుగ్మత’ అన్నవాళ్లే బ్రాందీని ‘రాష్ట్ర ఆదాయం’ అన్నారు. ఆడకూలీల పోరాటం ఫలితం ఇట్లా తేలింది: పేదవాడి పేరున్న మద్యం పోయి, అదే స్పిరిటు పెద్ద పేరుతో, ఇంతకింత ధరతో, అదే పేదవాడికి అమ్ముడయింది. కూలోడు కూడా ‘వైన్ షాపు’ గిరాకీ అయ్యాడు. దీన్ని అభివృద్ధి అనేవాళ్లున్నారు, సారా తాగినోడు విస్కీ స్థాయికి ఎదిగాడని. బోర్దియూ పటంలో అయితే అతడు ఒక మెట్టు ఎక్కినట్టే లెక్క. జేబులో కూలి మాత్రం రోశమ్మ నాటి లెక్క ప్రకారమే ఖాళీ అవుతోంది.

ఇప్పుడు రెండో ప్రశ్న, బల్ల దగ్గరికి రానియ్యని మనిషి సంగతి. ఫ్రాన్సులో ఎదుటివాడి స్థాయి తెలుసుకోవాలంటే ఏం తాగుతావని అడిగితే చాలు. ఇక్కడ ఆ ప్రశ్న రెండోది. మొదటి ప్రశ్న, ఏ గ్లాసులో తాగుతావు? టీ హోటల్లో చూరుకు వేలాడదీసిన గ్లాసు, తాగి కడిగి పెట్టాల్సిన గ్లాసు, దోసిట్లో పోసే నీళ్లు, తాటాకు దొన్నెలో పోసే కల్లు - వీటి చరిత్రలో నాలుకకు పాత్ర లేదు. రెండు గ్లాసుల్లోనూ టీ ఒకటే, ఒకే కెటిల్ లోంచి వచ్చిందే. రుచిలో తేడా లేకుండానే తేడా చూపించగలగడం మన వ్యవస్థ ప్రత్యేకత. కాబట్టి దీనికి ‘టేస్టు’ అనే తెర కూడా అక్కర్లేకపోయింది.

దీనికి వైన్‌లోనే ఒక చారిత్రక ఉదాహరణ ఉంది. తమిళనాట తంజావూరు, వేపేరి ప్రొటెస్టెంటు సంఘాల్లో వెల్లాల క్రైస్తవులు పరయ క్రైస్తవులతో కలిసి కూర్చోడానికీ, వాళ్లతో వరస కలిపి ప్రభురాత్రి భోజనం తీసుకోడానికీ ఒప్పుకోలేదు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఈ కులభేదం మొత్తంగా వదలాల్సిందే అని ఆజ్ఞాపించాడు. దానికి చాలామంది సంఘాన్నే వదిలి వెళ్లారు. ఆ గిన్నెలో ఉన్నది వాళ్ల నమ్మకం ప్రకారం అందరికోసం చిందిన రక్తం. ఆ రక్తం తాగడానికి అభ్యంతరం లేదు, ముందు తాగిన పెదవి ఎవరిదన్నదే అభ్యంతరం. బోర్దో దళారులు అయిదు తరగతులు చేసినా, డబ్బు పడేస్తే అయిదో తరగతివాడు కూడా మొదటి తరగతి సీసా కొనుక్కోవచ్చు. ఈ గిన్నెకు ధర లేదు, కొనే వీలూ లేదు.

మా సంఘంలో పాస్టరుగారు ద్రాక్షపళ్లు ఉడికించి తీసిన రసమే వాడేవాడు, మద్యం కాదు. ఆ రసాన్ని ‘వైన్’ అని ఎవరూ అనలేదు. వైన్ అంటే రోడ్డు మీది షాపు. ‘ద్రాక్షారసం’ అంటే మాదిగ పెద్దమనిషి తెల్లబట్టలు కట్టుకుని అందరికన్నా ముందు అందుకునే గౌరవం. ఊళ్లో ఏ గిన్నే దక్కనోడికి ఒక గిన్నె దక్కింది. మార్క్సిస్టు మిత్రులు దీన్ని మత్తు అనొచ్చు, అది వాళ్లిష్టం.

ఇక 2022 జనవరిలో మహారాష్ట్రలో జరిగిన చర్చ. వెయ్యి చదరపు అడుగులకు మించిన సూపర్ మార్కెట్లలో వైన్ అమ్ముకోవచ్చని అక్కడి మంత్రివర్గం తీర్మానించింది. నాసిక్ ద్రాక్షరైతుల కోసమన్నారు. వైన్ అంటే లిక్కర్ కాదని శివసేన నాయకుడు సంజయ్ రౌత్ వాదించాడు. అన్నా హజారే ఉపవాసం చేస్తానన్నాడు. గొడవ పెద్దదై తీర్మానం అమలు కాలేదు. నాకు ఆ ‘లిక్కర్ కాదు’ అన్న మాట ఆసక్తిగా అనిపించింది. వైన్‌లో ఆల్కహాలు మామూలుగా నూటికి 12, 13 పాళ్లు. తాజా తాటికల్లులో అందులో సగం కూడా ఉండదు. రెండూ పులిసినవే, బట్టీ పెట్టినవి కావు. మరి ‘కల్లు లిక్కర్ కాదు, సూపర్ మార్కెట్లో పెట్టండి’ అని ఏ మంత్రివర్గం అయినా తీర్మానిస్తుందా? హైదరాబాదులో 2004లో కల్లు దుకాణాలు మూయించారు, 2014లో తిరిగి తెరిచారు. ఈ మధ్య పదేళ్లూ నగరంలో బార్లకు ఏ లోటూ రాలేదు. కల్తీ మాట నిజమే, కల్లులో మత్తుమందు కలిపి జనాన్ని చంపిన కాంట్రాక్టర్లున్నారు, వాళ్లను వెనకేసుకు రావక్కర్లేదు. కల్తీ విస్కీ దొరికినప్పుడు మాత్రం విస్కీని నిందించరు, కల్తీ చేసినవాణ్ని నిందిస్తారు.

2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆదివాసుల ఇప్పసారాకు ‘హెరిటేజ్ లిక్కర్’ అని పేరు పెట్టింది. నిన్నటిదాకా దాన్ని కాచినందుకు పోలీసులు కుండలు పగలగొట్టారు. రేపు అందమైన సీసాలో ఎయిర్‌పోర్టులో అమ్మితే పూల వాసన, అడవి రుచి అని వర్ణించే రసజ్ఞులు తప్పకుండా పుట్టుకొస్తారు. కుండ పగిలిన ఇల్లాలికి ఆ సీసా మీద ఏ వాటా ఉంటుందన్నదే అడగాలి.

దీన్నిబట్టి మనవాళ్లలో కొందరు ‘మా కల్లు, మా సారా, మా సంస్కృతి’ అని జెండా ఎత్తాలంటున్నారు. నేను ఒప్పుకోను. దళిత ఉద్యమం ఈ విషయంలో అంతకన్నా కష్టమైన దారి పట్టింది. అంబేద్కర్ తాగడు. 1956లో నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగననే ప్రతిజ్ఞ ఉంది. అదే అంబేద్కర్ నాయకత్వంలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ 1951 ఎన్నికల ప్రణాళికలో మద్యనిషేధాన్ని రద్దు చేయాలని, ఆ ఎక్సైజు ఆదాయాన్ని కాపాడుకోవాలని కోరింది. పైకి రెండూ పొసగవనిపిస్తుంది. మా తాగుడు మీద నీతి చెప్పే హక్కు గాంధేయ రాజ్యానికి లేదు, మానుకోవాలో లేదో మేం నిర్ణయించుకుంటాం అన్న అర్థంలో చూస్తే రెండూ ఒకే మాట. దూబగుంట ఆడవాళ్లూ ఎవరో చెప్తే అంగడి మూయించలేదు.

బోర్దియూ ప్రశ్నావళిని మన పల్లెల్లోకి తెచ్చి సర్వే చెయ్యాలనుకునే పరిశోధక మిత్రులు కొందరు తయారవుతున్నారు. చెయ్యండి. అయితే ‘మీకు ఏ పానీయం ఇష్టం’ అనే గడికి ముందు మూడు గడులు చేర్చండి: ఎవరు పోశారు, దేంట్లో పోశారు, కూలిలో ఎంత కోశారు.